గొంతు యజమాని

మనం కొన్న ఫోన్ మనది కాకపోవడం మన అదృష్టం!

ఈ మాట చదివి కొందరు పాఠకులు ఉలిక్కిపడతారని తెలుసు. "కొన్నది నేను, జేబులో మోస్తున్నది నేను, నాది కాకపోతే ఇంకెవరిది?" అంటారు. అక్కడే ఉంది పొరపాటు. మోసేవాడు యజమాని ఎలా అవుతాడు? స్టేషన్‌లో కూలీ పెట్టె మోస్తాడు. పెట్టె అతనిదా?

ఫోన్ కంపెనీ వారిది. అందులో ఏ యాప్ ఉండాలో, ఏది ఉండకూడదో వారు చెబుతారు. వారి యాప్ స్టోర్ గుమ్మంలోంచి వచ్చినదాన్ని లోపలికి రానిస్తారు. పక్క సందులోంచి వచ్చినదాన్ని మెడపట్టి గెంటుతారు. ఎందుకు? మన భద్రత కోసం! మన గురించి ఇంతగా పట్టించుకునేవాళ్ళు మన బంధువుల్లో ఎంతమంది ఉన్నారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

స్వేచ్ఛ ఇస్తే ఏమవుతుందో మా ఆఫీసులో చూశాం. మా ఫొటోగ్రాఫర్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "మీ పార్సిల్ దారి తప్పింది, వెతకడానికి ఈ యాప్ వేసుకోండి" అని. ఆయన ఏ పార్సిలూ తెప్పించుకోలేదు. అయినా పాపం, దారి తప్పింది కదా అని వేసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆయన ఫోన్ తనంతట తానే మా ఎడిటర్ గారికి ప్రేమలేఖ పంపింది. ఎడిటర్ గారు అందులో తప్పులు దిద్ది, పొడుగు తగ్గించి తిప్పి పంపారు.

కాబట్టి కాపలా కావాలి. ఇందులో రెండో మాట లేదు.

కాపలా ఉంటే ఎంత నిశ్చింతగా ఉంటుందో నా ఫోనే సాక్ష్యం. అందులో టార్చి యాప్ ఒకటి ఉంది. స్టోర్ నుంచి దర్జాగా వచ్చింది. వెలిగే ముందు నా కాంటాక్టులన్నీ చూపించమంది. నేను అనుమానించలేదు. చీకట్లో ఎవరెవరు ఉంటారో దానికి తెలియాలి కదా! కాలిక్యులేటర్ నేను ఎప్పుడు ఎక్కడ ఉంటానో చెప్పమంది. ఊరు మారితే రెండూ రెండూ నాలుగు అవుతాయో లేదోనని దాని భయం. నిద్ర పట్టడానికి వాన చప్పుడు వినిపించే యాప్ ఒకటి నా మైకు అడిగింది. నేను దాని వాన వింటున్నాను, అది నా గురక వింటోంది. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదే.

వీటన్నిటికీ స్టోర్ వారి ఆమోదముద్ర ఉంది. దొంగైనా సరే, ముందు గుమ్మంలోంచి, చెప్పులు విడిచి, పేరు రాయించుకుని వచ్చాక అతన్ని దొంగ అనడం మర్యాద కాదు.

ఈ భద్రత విలువ తెలియాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

మా అక్క బస్‌స్టేషన్‌లో అనౌన్సర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో చెప్పేది. ఆమె గొంతు విని పరుగెత్తినవాళ్ళు ఊళ్ళో సగంమంది ఉంటారు. మిగతా సగంమంది బస్సు తప్పిపోయాక విన్నవాళ్ళు. రిటైరయ్యాక ఆమెకు గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ అయింది. డాక్టర్లు ప్రాణం మిగిల్చి గొంతు తీసుకున్నారు.

ఆ తర్వాత అక్క పలక మీద రాసి మాట్లాడేది. పలకతో చిక్కేమిటంటే, తిట్టు రాయడం పూర్తయ్యేలోపు తిట్లు తినవలసిన మనిషి వీధి మలుపు తిరిగిపోతాడు. ఆ మనిషి మా బావ.

వాళ్ళకొక్కడే కొడుకు. నట్టు అంటాం. చిన్నప్పుడు ఇంట్లో ఏ వస్తువు చేతికి దొరికినా నట్లు విప్పేసేవాడు. ఇప్పుడు అదే పని సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు. వాడు బస్‌స్టేషన్‌కి వెళ్ళి వాళ్ళమ్మ పాత రికార్డింగులు అడిగి తెచ్చాడు. వాటిని మాట మాటా, అక్షరం అక్షరం కోసి, అతికించి, ఒక యాప్ తయారు చేశాడు. దాన్ని తన కంప్యూటర్‌లోంచి నేరుగా అక్క ఫోన్‌లో వేశాడు. అక్క టైప్ చేస్తే ఫోన్ ఆమె గొంతుతోనే పలుకుతుంది.

కాకపోతే రికార్డింగుల్లో ఉన్నది బస్‌స్టేషన్ భాష. అక్క ఏం టైప్ చేసినా అదే బాణీలో, అదే మర్యాదతో వచ్చేది. బావ తడి తువ్వాలు మంచం మీద పడేస్తే, "ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ సామానుకు మీరే బాధ్యులు" అని ఇల్లంతా వినపడేది. నట్టు ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే, "ఆలస్యంగా నడుస్తున్న అబ్బాయి ఇప్పుడే చేరుకున్నాడు" అనేది. వాళ్ళది పై వాటా, మాది కింది వాటా. ఏ పూట ఏ కూర ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో నాకు కింద కూర్చునే తెలిసిపోయేది.

బావ తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టాడు.

"మామూలుగా తిడితే ఏదో ఒకటి ఎదురు చెప్పొచ్చోయ్. ఇది సర్కారు తిట్టులా ఉంది. ఎవరికని చెప్పుకోను?" అన్నాడు నాతో.

అక్క నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. నవ్వుకు చప్పుడు లేదు. భుజాలు మాత్రం కదిలాయి.

ఇలాంటి ఇంట్లోకి ఒక ఉదయం భద్రత వచ్చింది. ఫోన్ దానంతట అదే అప్‌డేట్ అయింది. అక్క యాప్ తెరిస్తే, తెరమీద ఇలా ఉంది: "ఈ యాప్ తయారు చేసినవారు ఎవరో మాకు తెలియదు. మీ క్షేమం కోరి దీన్ని ఆపివేశాం."

అక్క పలక తీసి రాసింది. మాకు చూపించింది: "ఎవరో తెలియకపోవడమేంటి? వాణ్ణి కన్నది నేనేగా!"

"అమ్మా, తెలియాల్సింది నీకు కాదే, వాళ్ళకి" అన్నాడు నట్టు.

చూశారా, కంపెనీ ముందుచూపు! కన్నతల్లి మాట సాక్ష్యమెలా అవుతుంది? కాకి పిల్ల కాకికి ముద్దు. జైల్లో ఉన్న ఏ దొంగ తల్లినైనా అడగండి, మావాడు బంగారం అంటుంది. అలాంటి బంగారాలు ఎన్ని మన ఫోన్లలో దూరకుండా ఆగాయో ఆలోచించండి.

పైగా కంపెనీ వారు ఉత్తచేతులతో వదిలెయ్యలేదు. "దీనికి బదులు ఇవి వాడండి" అని చక్కటి యాప్‌లు చూపించారు. ఒక్కొక్కదానికి బోలెడన్ని రేటింగు చుక్కలు. అక్క అందులో ఒకటి వేసుకుంది. అందులో ఎవరో ఆడమనిషి గొంతు తెలుగును మందుసీసా వెనక ఉండే పేర్లు చదివినట్టు చదివింది. మధ్యమధ్య ప్రకటనలు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అక్క, "నాకు వారం నుంచి పడుకుంటే మెడ నొప్పి" అని టైప్ చేసింది. ఫోన్ "నాకు వారం నుంచి పడుకుంటే" అని ఆగి, పరుపుల ప్రకటన పూర్తిగా వినిపించి, "మెడ నొప్పి" అంది.

"ఆ కంపెనీ పరుపు వాడకండి" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి అక్క ఆ యాప్ తీసేసింది. పలక మీద మూడే మాటలు రాసింది. "నా గొంతు కావాలి."

నట్టు కూడా మంచివాడే. చట్టం ప్రకారం పోదామన్నాడు. తన పేరు, ఊరు, ఫొటో, వేలిముద్ర అన్నీ ఇచ్చి కంపెనీ దగ్గర నమోదు చేయించుకున్నాడు. ఆ యాప్‌ని స్టోర్‌కి పంపాడు. ముందు గుమ్మంలోంచే వస్తాం, మమ్మల్ని రానివ్వండి అని.

మొదటి జవాబు: "ఈ యాప్ ఒక్క మనిషికే పనికొస్తుంది. మా స్టోర్ స్థాయికి ఇది చాలదు."

నట్టు తిరిగి రాశాడు: "మా నాన్నకి కూడా పనికొస్తుంది. ఎప్పుడు ఇంట్లోంచి తప్పుకోవాలో తెలుస్తుంది."

ఈ వాదన వారికి నచ్చింది. రెండో జవాబు వచ్చింది. "మీ యాప్‌లో ఒక మనిషి గొంతు వినపడుతోంది. ఈమధ్య ఇతరుల గొంతులు దొంగిలించేవారు ఎక్కువయ్యారు. కాబట్టి ఆ గొంతు యజమాని తన సమ్మతిని స్వయంగా, స్పష్టంగా, నోటితో చెప్పాలి. రికార్డింగు చెల్లదు."

తప్పేముంది? గొంతు దొంగలున్న మాట నిజమే కదా! మీ అబ్బాయి గొంతుతో మీకే ఫోన్ చేసి ఏడ్చేవాళ్ళు ఉన్నారు. నిబంధన నూటికి నూరుపాళ్ళు సబబైనది. మా అక్కకి నోటితో చెప్పడానికి గొంతు లేకపోవడం ఆమె వ్యక్తిగత సమస్య.

నట్టు సాయం కోసం కంపెనీ వారి చాట్‌లోకి వెళ్ళాడు. మా అమ్మకి ఆపరేషన్ అయింది, మాట్లాడలేదు, అందుకే ఈ యాప్ అని రాశాడు. వెంటనే జవాబు. "మీ బాధ మాకు అర్థమైంది. ఆమెను కొంచెం గట్టిగా మాట్లాడమని చెప్పండి."

ఆపరేషన్ కాగితాలు పంపాడు. "ఫైలు సైజు ఎక్కువగా ఉంది" అన్నారు. తగ్గించి పంపాడు. "అక్షరాలు కనపడటం లేదు" అన్నారు. చివరికి, మేమే ఫోన్ చేసి గొంతు యజమానితో మాట్లాడతాం, సిద్ధంగా ఉండండి అని రోజు చెప్పారు.

ఆ రోజు నేనూ పైకి వెళ్ళాను. ముందు గదిలో బల్ల మీద ఫోన్ పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, నలుగురం చుట్టూ కూర్చున్నాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"నాన్నా, మనిషెవరైనా లైన్లోకి వస్తే నేను మాట్లాడతా. నువ్వు మాత్రం నోరెత్తకు" అన్నాడు నట్టు.

"నేనెందుకు ఎత్తుతానురా. పెళ్ళయినప్పట్నుంచీ ఎత్తానా?" అన్నాడు బావ.

ఫోన్ మోగింది. మాట్లాడింది మనిషి కాదు, యంత్రం. "గొంతు యజమాని తన గొంతును ఈ యాప్‌లో వాడుకోవడానికి సమ్మతిస్తే, ఇప్పుడు 'అవును' అనాలి."

అక్క ముందుకు వంగింది. పెదవులు "అవును" అన్నాయి. గాలి వచ్చింది. మాట రాలేదు.

"మాకు వినపడలేదు. మళ్ళీ అనండి."

అక్క మళ్ళీ అంది. మెడ నరాలు పైకి తేలాయి. నట్టు ఫోన్ ఎత్తి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"మాకు వినపడలేదు. ఇది చివరి అవకాశం. మీరు సమ్మతిస్తున్నారా?"

అక్క బావ వైపు చూసింది. ఆ చూపుకు బావ దగ్గర జవాబు ఒక్కటే. ఏళ్ళ తరబడి అలవాటైన జవాబు.

"అవును" అన్నాడు.

"ధన్యవాదాలు. గొంతు యజమానిగా మీరు నమోదయ్యారు" అంది ఫోన్.

నట్టు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "నాన్నా!"

"అదేంట్రా, ఎవరో ఒకరు అనాలి కదరా! మీ అమ్మ అలా చూసేసరికి..." బావ చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

కంపెనీ మాట మీద నిలబడింది. సాయంత్రానికి యాప్ స్టోర్‌లోకి వచ్చింది. అక్క ఫోన్‌లోకి ముందు గుమ్మంలోంచి దర్జాగా దిగింది. ఆమోదముద్ర, చుక్కలు వేసుకోవడానికి చోటు, అన్నీ ఉన్నాయి. అదనంగా ఒక భద్రతా ఏర్పాటు కూడా ఉంది. యాప్ తెరిచిన ప్రతిసారీ గొంతు యజమాని పక్కన నిలబడి "అవును" అనాలి.

అంటే మా అక్క నోరు తెరవాలంటే మా బావ ఒప్పుకోవాలి!

ఇన్నేళ్ళ సంసారంలో బావ కలలో కూడా కోరని అధికారం ఇది. అడక్కుండా ఇచ్చారు. యజమానిని మార్చమని నట్టు మళ్ళీ రాశాడు. "తప్పకుండా. కొత్త యజమాని 'అవును' అంటే చాలు" అన్నారు.

అక్క పలక మీద రాసింది. "ఊరందరికీ ఏ బస్సు ఎక్కాలో చెప్పాను. ఏ రోజూ ఇంట్లో అడిగి చెప్పలేదు."

బావ ఆ పలక చదివి తల దించుకున్నాడు. అయినా పాఠకులారా, దాంపత్యానికి ఇంతకంటే మంచి మందు ఉందా? ఒక్కరోజులో వాళ్ళిద్దరూ ఎంత దగ్గరయ్యారో చూడాలి. బావ స్నానాల గదిలో ఉన్నా, పాలు తేవడానికి సగం మెట్లు దిగినా, అక్క గిన్నె మీద గరిటెతో కొడుతుంది. బావ సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చి "అవును" అంటాడు. తర్వాత నిలబడి తిట్లు తింటాడు. తిట్టడానికి అనుమతి ఇచ్చి మరీ తిట్లు తిన్న మొగుడు చరిత్రలో ఇతనొక్కడే అయివుంటాడు.

బావ బజారుకి వెళ్తే మాత్రం అక్క మాట్లాడదు. ఆయన గొంతు రికార్డు చేసి పెట్టుకుందామంటే చెల్లదు. ఫోన్ చేసి చెప్పిస్తే చెల్లదు. మనిషి అక్కడే ఉండాలి. అందుకని బావ బజారుకు వెళ్ళడం తగ్గించాడు. ఇంటిపట్టున ఉంటున్నాడు. ఏ పెళ్ళాం సాధించలేని పని ఒక అప్‌డేట్ సాధించింది!

ఇలా సుఖంగా ఉండగా, ఎదురింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళ సామాను లారీలో వచ్చింది.

మా సందు ఇరుకు. లారీని వెనక్కి నడిపిస్తే తప్ప గేటు దగ్గరికి రాదు. ఊళ్ళో ఎవరి లారీ వెనక్కి వస్తున్నా, దానికి దారి చూపించడం తన బాధ్యత అని బావ నమ్మకం. కిందికి దిగి లారీ వెనక నిలబడ్డాడు.

"రానీ... రానీ... ఇంకా బోలెడుంది, రానీ!"

బావ చూపంతా లారీ మీదే. తన వెనక ఉన్న ప్రహరీగోడ మీద కాదు. లారీ వస్తోంది, బావ వెనక్కి నడుస్తున్నాడు. డ్రైవర్‌కి అద్దంలో మనిషి కనపడటం లేదు, గొంతు మాత్రం వినపడుతోంది. గొంతు వినపడినంతసేపు మనిషి క్షేమమని డ్రైవర్ల లెక్క.

నేను నా వాకిట్లో పేపరు చదువుతున్నాను. బావ నాకు కనపడటం లేదు. నాకూ డ్రైవర్‌కీ తెలిసింది ఒకటే, "రానీ."

బాల్కనీలోంచి అక్కకి అంతా కనపడింది. లారీ, బావ, గోడ.

చప్పట్లు కొట్టింది. ఇంజన్ మోతలో కలిసిపోయాయి. ఫోన్ అందుకుని టైప్ చేసింది. నొక్కింది. తెరమీద, "గొంతు యజమాని 'అవును' కోసం ఎదురుచూస్తున్నాం."

గొంతు యజమాని కింద "రానీ" అంటున్నాడు.

ఫోన్‌కి ఆ కేక వినపడింది. గొంతు గుర్తుపట్టింది కూడా. "ఇది 'అవును' కాదు. మళ్ళీ ప్రయత్నించండి" అని చూపించింది. తర్వాత ఇదంతా అక్క పలక మీద రాసి చూపిస్తేనే నాకు తెలిసింది.

అక్క మళ్ళీ ప్రయత్నించలేదు. ఫోన్‌ని విసిరింది.

అది లారీ క్యాబిన్ మీద పడి దబ్బున మోగి, రోడ్డు మీదికి దొర్లింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. నేను లేచి పరుగెత్తాను. బావ వీపు గోడకు ఆని ఉంది. ఆయన పొట్టకీ లారీకీ మధ్య చేతి వెడల్పు ఖాళీ ఉంది. ఆయన నోట్లో "రా" ఉంది, "నీ" లేదు.

"ఎవరయ్యా రాయి వేసింది?" అంటూ డ్రైవర్ దూకాడు. వెనక్కి వచ్చి బావని చూశాడు. "పెద్దాయనా! నువ్వక్కడ నిలబడి రానీ రానీ అంటావేంటయ్యా! ఎక్కడికి రమ్మంటావు, నీ మీదికా?"

బావ పక్కకి జరుగుతూ జరుగుతూ బయటపడ్డాడు. కింద పడిన ఫోన్ తీశాడు. అద్దం పగిలింది. వెలుగు పోలేదు. తెరమీద అదే ప్రశ్న ఉంది. ఆయనకి అలవాటైపోయింది కదా, ఆయాసపడుతూనే అన్నాడు.

"అవును."

సందంతా వినపడేలా అక్క గొంతు పలికింది. "ప్రయాణికుల దృష్టికి. బండి వెనక్కి వస్తున్నది. దయచేసి గోడ దగ్గర నిలబడకండి."

డ్రైవర్ తలెత్తి బాల్కనీ వైపు చూశాడు. "ఇదేదో ముందే చెప్పొచ్చు కదమ్మా!"

అక్క రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఆ మాటకు జవాబు చెప్పాలన్నా ఫోన్ బావ చేతిలో ఉంది.

నెలాఖరుకి కంపెనీ నుంచి భద్రతా నివేదిక వచ్చింది. "ఈ నెల మీ ఫోన్‌కి ఎదురైన ప్రమాదాలు: ఏమీ లేవు." అక్షరాలా నిజం. ఎవరూ దాన్ని మోసం చెయ్యలేదు. ఎవరూ దాని గొంతు దొంగిలించలేదు. లారీ దాని మీదికి రాలేదు.

కనుక నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. కాపలా కావాలి. తెలియనివాడు తలుపు తడితే ఎవరు నువ్వని గట్టిగా అడగాలి. కాకపోతే ఇంటావిడ వంటింట్లోంచి హాల్లోకి వస్తుంటే కర్ర అడ్డం పెట్టి, మీ తాలూకు పెద్దమనిషిని పిలవండి అనే కాపలావాడికి, మీ ఇంట్లో అయితే జీతమిచ్చి ఉంచుకుంటారో లేదో, మీరే ఆలోచించుకోండి.

అక్క ఆలోచించుకుంది. బాల్కనీలో ఒక డబ్బా నిండా గులకరాళ్ళు పోసి పెట్టుకుంది. నట్టు ఏరుకొచ్చాడు. వాటికి అప్‌డేట్లు రావు. ఎవరి సమ్మతీ అక్కర్లేదు. కావలసినప్పుడు చేతికి వస్తాయి.

బావ ఇప్పుడు మా సందులో పైకి చూసుకుంటూ నడుస్తున్నాడు.